మూడు వెదుకులాటలు



వేసవి సెలవులు వస్తే మన విడపనకల్లు చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళు నిండుతాయి. బెంగళూరుకు పనులకు వెళ్ళినవారు, హైదరాబాదులో ఉద్యోగాలు చేసేవారు, బళ్ళారిలో కాపురముండేవారు పిల్లలను తీసుకొని అవ్వ దగ్గరికి, అబ్బ దగ్గరికి వస్తారు. ఈ మధ్య ఆ పిల్లల సంచుల్లో బట్టలతోపాటు అరచేతిలో పట్టే ఆటపెట్టెలు కూడా వస్తున్నాయి. పెట్టె లేనివారికి తండ్రి ఫోనే పెట్టె. ఆరాధన ముగిసిన తరువాత పెద్దలు మమ్మల్ని పక్కకు పిలిచి అడుగుతుంటారు: "అయ్యగారూ, పిల్లోడు పొద్దస్తమానం దాంట్లోనే ముఖం పెట్టుకొని ఉంటాడు. ఏదో వెతుకుతా ఉన్నానంటాడు. ఏం పోగొట్టుకున్నాడో మాకు తెలీదు. ఇది మంచిదా, చెడ్డదా?"

ప్రశ్న న్యాయమైనదే. అయితే ఒక వస్తువును మంచిదనో చెడ్డదనో చెప్పేముందు అదేమిటో తెలుసుకోవాలి గదా. గనుక ఈ నెల ఆ ఆట గురించే మాట్లాడుకుందాము.

దీనిని దాగిన వస్తువులను వెదికే ఆట అంటారు. తెర మీద ఒక గది కనిపిస్తుంది. అది పాత బంగళా కావచ్చు, ఓడ అడుగుభాగం కావచ్చు, మూతపడిన దుకాణం కావచ్చు. అందులో లెక్కలేనన్ని వస్తువులు సంతలో పోసినట్టు కుప్పలు కుప్పలుగా ఉంటాయి. తెర అంచున పది పన్నెండు పేర్ల జాబితా ఉంటుంది. తాళంచెవి, గొడుగు, పిల్లి, గడియారం, కత్తెర అని రాసి ఉంటుంది. వాటిని ఒక్కొక్కటిగా కనిపెట్టి వేలితోనో సన్నని పుల్లతోనో తాకాలి. తాకగానే జాబితాలో ఆ పేరు చెరిగిపోతుంది. అన్నీ దొరికితే తలుపు తెరుచుకొని ఇంకో గది వస్తుంది. వీటన్నిటి వెనుక ఒక కథ నడుస్తుంటుంది. ఎవరో కనబడకుండా పోయారు, ఏదో దొంగతనం జరిగింది, దాని గుట్టు ఆడేవారు విప్పాలి.

బొమ్మ వేసినవారు మన కన్నును మోసం చేయటానికి చాలా ఉపాయాలు పన్నుతారు. తాళంచెవిని కొమ్మల మధ్య కొమ్మలాగా నిలబెడతారు. గొడుగును వేలెడంత చేసి పూలకుండీలో గుచ్చుతారు. తెల్లపిల్లిని తెల్లగోడ మీద వేస్తారు. కత్తెరలో సగం పుస్తకం కింద దాచి సగమే చూపిస్తారు. కొన్ని ఆటల్లో గది చీకటిగా ఉండి, దీపం వెలుతురు పడినంత మేరకే కంటికి ఆనుతుంది. ఎంతకూ దొరకకపోతే సూచన ఇచ్చే బొత్తాము ఒకటి ఉంటుంది. తొందరపడి ఎక్కడంటే అక్కడ తాకేవారికి చాలా ఆటల్లో కొంత సమయం కోత పడుతుంది.

ఇది నిన్న మొన్న పుట్టిన సరదా కాదు. అమెరికాలో 1946లో మొదలైన 'హైలైట్స్' అనే పిల్లల పత్రిక బొమ్మలో దాగిన వస్తువులను వెదికించే పేజీని మొదటినుండీ వేస్తూ వచ్చింది. 1987లో ఇంగ్లండుకు చెందిన మార్టిన్ హ్యాండ్‌ఫర్డ్ అనే చిత్రకారుడు జనసమూహాల మధ్య చారల చొక్కా వేసుకొన్న వాలీ అనే మనిషిని దాచి పుస్తకం వేశాడు. లోకమంతా పిల్లలు వాలీని వెదికారు. మన ఆదివారం పత్రికల్లో రెండు బొమ్మల మధ్య తేడాలు కనిపెట్టమనే శీర్షిక కూడా ఈ కుటుంబంలోదే.

అరచేతి పెట్టె సంగతికి వస్తే, జపానులోని క్యోటోలో 1889లో పేకముక్కలు తయారుచేసే దుకాణంగా మొదలైన నింటెండో అనే సంస్థ 2004లో డీఎస్ అనే పెట్టెను విడుదల చేసింది. అది పుస్తకంలాగా తెరుచుకుంటుంది. దానికి రెండు తెరలు. కింది తెర మీద పుల్లతో తాకి ఆడవచ్చు. వస్తువును చూపించి తాకే ఆటకు అది సరిగ్గా సరిపోయింది. అమెరికాలోని సియాటిల్ నగరపు బిగ్ ఫిష్ గేమ్స్ అనే సంస్థ 2005లో కంప్యూటరు కోసం 'మిస్టరీ కేస్ ఫైల్స్' అనే వరుసలో మొదటి వెదుకులాటను తెచ్చింది. 2008లో అదే వరుసలో 'మిలియన్‌హెయిర్' అనే ఆట డీఎస్ పెట్టెకు వచ్చింది. కనబడకుండా పోయిన ఒక కోటీశ్వరుని జాడ తీయటం అందులోని కథ. డీఎస్ పెట్టెలు లోకమంతటా 15 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి. ఇప్పుడు ఆ పెట్టె గానీ దాని తరువాతి త్రీడీఎస్ గానీ తయారు కావటం లేదు. త్రీడీఎస్ తయారీ 2020లో ఆగిపోయింది. గనుక ఇవి మన ఊళ్ళకు వచ్చాయంటే చాలావరకు చేతులు మారి వచ్చినవే.

ఇక్కడ తల్లిదండ్రులు ఒక తేడా గమనించాలి. ఆ పాత పెట్టెలో చిన్న బిళ్ళ పెట్టి ఆడతారు. బిళ్ళ ఒకసారి కొంటే మళ్ళీ రూపాయి అడగదు. కథకు మొదలుంది, ముగింపుంది. చివరి గది వెదికితే ఆట అయిపోయింది, పెట్టె మూసి పక్కన పెట్టవచ్చు. ఫోనులో వచ్చే వెదుకులాటల్లో చాలావాటి పద్ధతి వేరు. జర్మనీలోని బెర్లిన్‌కు చెందిన వూగా అనే సంస్థ 2017లో విడుదల చేసిన 'జూన్స్ జర్నీ' దీనికి పేరుపొందిన ఉదాహరణ. దించుకోవటానికి డబ్బు అక్కరలేదు. అయితే ఒక్కొక్క గదిని వెదకటానికి కొంత 'శక్తి' ఖర్చవుతుంది. అది అయిపోతే నిండేవరకు కాచుకోవాలి, లేదా డబ్బిచ్చి కొనుక్కోవాలి. కొత్త కొత్త గదులు వస్తూనే ఉంటాయి. ముగింపు కనిపించదు.

మాకు తెలిసిన ఒక ఇంట్లో పదకొండేళ్ళ పిల్లవాడు ఫోనులో ఇటువంటి ఆటే ఏదో ఆడుతూ, తండ్రి రహస్య సంఖ్య చూసి నేర్చుకొని, మిరపకాయలు అమ్మిన డబ్బులో రెండు వేలకు పైగా ఖర్చు చేశాడు. తండ్రి కొట్టాడు. పిల్లవాడు ఏడుస్తూ, "నేను డబ్బు తీయలేదు నాయనా, శక్తి నింపుకున్నానంతే" అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు. వాడి కంటికి అది ఆటలో ఒక బొత్తాము. ఎర్రని ఎండలో కళ్ళంలో కూర్చొని తొడిమలు తీసిన తల్లి చేతుల మంట ఆ బొత్తాము మీద రాసి లేదు గదా.

దీనిని జూదంతో కలిపి మాట్లాడేవారూ ఉన్నారు. అది సరికాదు. మన రాష్ట్రంలో 2020లో ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వంటివాటిని నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు కాసి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. వస్తువులు వెదికే ఆటలో పందెం లేదు, గెలిచి తెచ్చుకొనేదీ లేదు. అది జూదం కాదు. ఫోనులోని ఆటకు తెరిచి ఉంచిన సంచి మూతి ఉందన్నదే అక్కడి చిక్కు. ఆ మూతి కట్టవలసినది పెద్దవారు.

ఇక ఈ ఆటలో మేలు ఏమైనా ఉందా? ఉంది. మేము కంటితో చూసినదే చెబుతాము. మా సంఘంలో ఒక అవ్వ ఉన్నది. శుక్లాలకు ఆపరేషను చేయించుకున్నది. సెలవులకు వచ్చిన మనుమడు అరుగు మీద కూర్చొని ఆటపెట్టెలో వెదుకుతున్నాడు. జాబితా ఇంగ్లీషులో ఉంది. వాడు ఇంగ్లీషు బడి పిల్లవాడు, చదవగలడు. కానీ చదివిన పేరుకు వస్తువేదో తెలియదు.

"అవ్వా, కదురు అంటే ఎట్లుంటాది?"

"నూలు వడికేది రా. సన్నంగా పుల్ల మాదిరి, నడుమ లావుగా ఉంటాది. అదో, ఆ కుర్చీ కాలు పక్కన ఆనించినారు సూడు."

"జల్లెడ?"

"గోడకు తగిలించినారు కదప్పా. నువ్వు అద్దమనుకుంటివేమో."

మేము నిలబడి చూస్తుండగానే కొలిమి తిత్తి, రోకలి, లాంతరు, కవ్వం వంటివన్నీ అవ్వే చూపించింది. ఆ బొమ్మలోనిది ఏ దేశపు పాత ఇల్లో మనకు తెలియదు. కానీ పాత ఇల్లు ఎక్కడైనా పాత ఇల్లే. పేరు మనుమడి దగ్గర ఉంది, వస్తువు అవ్వ దగ్గర ఉంది. రెండూ కలిస్తేగాని తలుపు తెరుచుకోలేదు. ఆ సాయంత్రం అవ్వ తాను చిన్ననాడు నూలు వడికిన కథ చెబితే, మనుమడు పెట్టె పక్కన పెట్టి విన్నాడు. ఆట చేసిన మేలు అది. వాడు ఒంటరిగా గదిలో కూర్చొని సూచన బొత్తాము నొక్కుకుంటూ పోయి ఉంటే అన్ని వస్తువులూ దొరికేవి, అవ్వ దొరికేది కాదు.

కన్ను ఎలా వెదుకుతుందో పండితులు కూడా పరిశోధించారు. అమెరికాలో జెరెమీ వుల్ఫ్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివారు 2005లో ఒక పరిశోధన ప్రచురించారు. కిక్కిరిసిన బొమ్మలు చూపించి, వాటిలో ఫలానా వస్తువు ఉందో లేదో చెప్పమన్నారు. సగం బొమ్మల్లో ఆ వస్తువు ఉన్నప్పుడు, ఉన్నవాటిలో నూటికి 7 మాత్రమే తప్పిపోయాయి. నూరు బొమ్మల్లో ఒక్కదానిలోనే ఆ వస్తువు ఉండేటట్టు చేసినప్పుడు, ఉన్నవాటిలో నూటికి 30 తప్పిపోయాయి. వస్తువు అంతే, కన్ను అంతే. అయితే అరుదుగా కనబడేదానిని కన్ను త్వరగా వదిలేస్తుంది. "ఎట్లాగూ ఉండదులే" అని మనసు ముందుగానే తీర్పు చెప్పేస్తుంది. విమానాశ్రయంలో సామాను సంచులను తెర మీద తనిఖీ చేసేవారికి, కంతుల కోసం ఎక్స్‌రే చూసే వైద్యులకు ఇది పెద్ద సమస్య.

ఎక్స్‌రే చూసే వైద్యుల్లో ఇంకొక పొరపాటును కూడా గుర్తించారు. ఒక దోషం కంటబడగానే వెదికినది దొరికిందని తృప్తిపడి, పక్కనే ఉన్న రెండోదానిని చూడకుండా పోవటం జరుగుతుందట. 2013లో చేసిన పరిశోధన మరీ చిత్రమైనది. ఊపిరితిత్తుల బొమ్మల్లో చిన్న గడ్డలను వెదకమని 24 మంది నిపుణులకు ఇచ్చి, ఆ బొమ్మల్లో ఒక గొరిల్లా చిత్రాన్ని ఇరికించారు. 20 మంది దానిని చూడనే లేదు. వారు కళ్ళు లేనివారు కారు. గొరిల్లా వారి జాబితాలో లేదు, అంతే. జాబితాలో ఉన్నదే కంటికి కనబడుతుంది.

ఇంతవరకు తెర మీది వెదుకులాట చూశాము. రెండవది మన నేల మీదిది. వెదకటమంటే మనకెవరూ నేర్పనక్కరలేదు. మనకు దూరం కాని వజ్రకరూరు పేరులోనే వజ్రం ఉంది. తొలకరి పడగానే అక్కడి పొలాల్లోను, కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి పొలాల్లోను జనం తలలు వంచుకొని నడుస్తారు. ఎక్కడెక్కడినుండో వస్తారు. చెట్ల కింద వండుకొని తింటారు. పొద్దున లేచింది మొదలు పొద్దు గూకేవరకు ఒక్కొక్క రాయినీ తిప్పి చూస్తారు.

దాని వెనుక కారణం లేకపోలేదు. దాదాపు 110 కోట్ల సంవత్సరాల కిందట, భూమి లోపల నూరు మైళ్ళ లోతునుండి కరిగిన శిల పైకి తన్నుకొని వచ్చి ఇక్కడ గొట్టాల ఆకారంలో గడ్డకట్టింది. దానిని కింబర్లైటు అంటారు. వజ్రాలను పైకి మోసుకొచ్చేది అదే. ఆ శిల యుగయుగాలు అరిగి మట్టిలో కలిసింది. వాన పైమట్టిని కడిగితే ఎక్కడో ఒకచోట ఒక రాయి బయటపడవచ్చు. కోయని వజ్రం పత్రికల్లో చూసినట్టు మెరవదు. పటిక ముక్కలాగా, గాజు పెంకులాగా ఉంటుంది. క్యారెట్టు అంటే ఒక గ్రాములో అయిదవ వంతు మాత్రమే. నల్లరేగడిలో, ఎర్రమట్టిలో, పలుగురాళ్ళ మధ్య అంతటి రాయిని కనిపెట్టటం ఏ ఆటలోనూ లేనంత కష్టం.

ఆటకూ పొలానికీ ఉన్న తేడా ఇక్కడే తెలుసుకోవాలి. ఆట ఒక మాట ఇస్తుంది: జాబితాలో ఉన్నది తెర మీద తప్పక ఉన్నది. ఓపికపడితే దొరుకుతుంది. దొరకకపోతే సూచన ఉంది. పొలం ఆ మాట ఎన్నడూ ఇవ్వలేదు. ఈ చేలో రాయి ఉన్నదని చెప్పే జాబితా లేదు. నొక్కటానికి బొత్తాము లేదు. ఒకరికి దొరికితే పత్రికలో వార్త వస్తుంది. దొరకక ఇంటికి వెళ్ళినవారి గురించి ఏ పత్రికా రాయదు. గనుక మన చెవులకు దొరికినవారి సంగతే చేరి, పొలమంతా దొరికే పొలంగానే తోస్తుంది. సరదాగా ఒక పూట వెళ్ళి వచ్చేవారిని మేము ఏమీ అనము. కరువు నేల మీద బ్రతికేవారి ఆశను ఎగతాళి చేయటానికి మాకు నోరు రాదు. అయితే విత్తనం వేయవలసిన పదును రోజుల్లో ఆవులను పక్కింటికి అప్పగించి, చేబదులు తెచ్చుకొని, వారాల తరబడి అక్కడ ఉండేవారికి మాత్రం ఒక మాట చెబుతాము. మీరు పొలంలో ఉండి ఆట ఇచ్చిన మాటను నమ్ముతున్నారు. తొలకరి పదును వజ్రం కంటే ఖచ్చితమైనది. అది ఏడాదికి ఒక్కసారే వస్తుంది.

ఇక మూడవ వెదుకులాట ఇంటిలోనిది. లూకా సువార్త 15వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన చిన్న కథ మీకందరికీ తెలుసు. ఒక స్త్రీకి పది వెండి నాణెములు ఉన్నాయి. ఒకటి పోయింది. ఆమె దీపం వెలిగించి, ఇల్లు ఊడ్చి, దొరికేవరకు వెదికింది. దొరికిన తరువాత ఇరుగుపొరుగువారిని పిలిచి సంతోషించింది. ఈ కథలో మనం అంతగా పట్టించుకోని సంగతి ఒకటి ఉంది. ఆ నాణెము పోయినది ఇంటి లోపలే. ఆమెకు లెక్క తెలుసు, పది ఉండాలని తెలుసు. నాణెము ఇంట్లోనే ఉన్నదని తెలుసు. అందుకే ఆమె వెదుకులాటలో గాభరా ఉన్నా నిరాశ లేదు. తెర మీది ఆట ఇచ్చే మాట, వజ్రాల పొలం ఇవ్వని మాట, ఇల్లు మనకు ఇస్తున్నది: వెదికినది ఇక్కడే ఉన్నది, వెదికితే దొరుకుతుంది.

అయితే మనం ఎక్కువ ఓపిక ఎక్కడ ఖర్చు చేస్తున్నాము? తండ్రి పొలంలో రాయి కోసం రోజుల తరబడి తల వంచుకుంటాడు. కొడుకు తెర మీద తాళంచెవి కోసం గంటల తరబడి తల వంచుకుంటాడు. ఒకే చూరు కింద ఉండి ఒకరి ముఖం ఒకరు చూసుకోవటానికి ఎవరికీ తీరిక లేదు. మూల కూర్చొని పెట్టె చూసుకుంటున్న పిల్లవాడు ఇంట్లోనే పోయిన నాణెము కావచ్చు. వాడు అల్లరి చేయడు, డబ్బు అడగడు, గడప దాటడు. అందుకే మన జాబితాలోకి రాడు. తప్పిపోయి వీధిన పడిన కొడుకును ఊరంతా వెదుకుతుంది. ఇంట్లోనే ఉండి తప్పిపోయినవాడిని వెదకాలంటే దీపం వెలిగించవలసినది తల్లి, చీపురు పట్టవలసినది తండ్రి.

పైన చెప్పిన ఎక్స్‌రే పొరపాటు మన ఇళ్ళలోనూ జరుగుతున్నది. "వీడు పొద్దస్తమానం ఆటలోనే ఉంటాడు" అని ఒక దోషం కనిపెట్టి అక్కడితో వెదకటం ఆపేస్తాము. ఆ పక్కనే ఇంకేముందో చూడము. కొత్త బడిలో స్నేహితులు లేరేమో. లెక్కలు అర్థం కావటం లేదేమో. నగరంలో తల్లిదండ్రులు ఇద్దరూ పనికి పోతే ఇంట్లో వాడితో మాట్లాడేవారు లేరేమో. ఆ పెట్టెలోని ఆటకు వాడు ఏమి దొరుకుతుందని వెళుతున్నాడో అడిగి చూడండి. వాడి జవాబులో చాలాసార్లు మీకు కావలసిన సూచన ఉంటుంది.

ప్రియులారా, ఇవన్నీ విన్న తరువాత ఇంట్లో ఏమి చేయాలో కొన్ని మాటలు చెబుతాము. వీలైనంతవరకు పాటించండి.

మొదటిది: పెట్టెను లాక్కొని దాచవద్దు. దాచితే అది కూడా దాగిన వస్తువుగా మారుతుంది, వాడు వెదకటానికి పూనుకుంటాడు. దాని బదులు పక్కన కూర్చోండి. రోజుకు ఒక గది కలిసి వెదకండి. జాబితాలోని ప్రతి ఇంగ్లీషు మాటకు తెలుగు పేరు వాడికి మీరు చెప్పండి, తెలుగు పేరుకు ఇంగ్లీషు మాట వాడు మీకు చెబుతాడు.

రెండవది: సమయానికి కట్టుబాటు ఉండాలి. రెండు నుండి నాలుగేళ్ళ పిల్లలకు తెరలు రోజుకు ఒక గంట మించరాదని, ఇంకా తగ్గితే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఏడాది లోపు పసివారికి అసలే వద్దంది. పెద్ద పిల్లలకైనా ఇరవై నిమిషాలకొకసారి తల ఎత్తి ఇరవై అడుగుల దూరంలోని వేపచెట్టునో గోపురాన్నో ఇరవై సెకన్లు చూడమని నేర్పండి. కంటి వైద్యులు చెప్పే మాట అది. ఆట ఆపలేక చదువు, తిండి, నిద్ర నెలల తరబడి చెడిపోతుంటే మాత్రం దానిని మొండితనమనుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుండి అమలులోకి వచ్చిన తన జబ్బుల పట్టికలో ఆటల వ్యసనాన్ని చేర్చింది. వైద్యుని దగ్గరకు తీసుకొనిపోండి.

మూడవది: ఫోనులో ఆడే ఇళ్ళలో డబ్బు చెల్లించే రహస్య సంఖ్య పిల్లల కంటబడనీయవద్దు. ఫోనులోని ఆటల దుకాణంలో ప్రతి కొనుగోలుకు అనుమతి అడిగే ఏర్పాటు ఉంటుంది. తెలిసిన యౌవనస్థుల చేత పెట్టించుకోండి. పిల్లలకు కూడా విడమరచి చెప్పండి: ఈ బొత్తాము వెనుక అమ్మ కూలి ఉన్నది.

నాలుగవది: పెట్టె లేని ఇంట్లోనూ ఈ ఆట ఆడవచ్చు. రడ్యార్డ్ కిప్లింగ్ 1901లో రాసిన 'కిమ్' అనే నవలలో, సిమ్లాలో ఒక వ్యాపారి పళ్ళెంలో రత్నాలు పోసి, కొంతసేపు చూపించి, కప్పివేసి, ఏమేమి ఉన్నాయో చెప్పమని బాలునికి శిక్షణ ఇస్తాడు. స్కౌటు ఉద్యమం స్థాపించిన బేడెన్ పవెల్ దానిని స్కౌట్లకు ఆటగా నేర్పాడు. మన ఇళ్ళలో రత్నాలు లేకపోతే నష్టం లేదు. చేటలో పదిహేను వస్తువులు పెట్టండి: చింతగింజ, దబ్బనం, గాజుముక్క, శనగగింజ, తాళంచెవి, సూదిదారం, పాత నాణెం. ఒక నిమిషం చూపించి తువ్వాలు కప్పండి. చూసినవన్నీ చెప్పమనండి. తరువాత ఒకటి తీసివేసి, పోయినదేదో చెప్పమనండి. కరెంటు పోయిన సాయంత్రం దీపం వెలుగులో అవ్వ, అమ్మ, పిల్లలు కలిసి ఆడితే ఎంత సందడిగా ఉంటుందో చూడండి. చిన్నవారే గెలుస్తారని అనుకోకండి.

అయిదవది తండ్రులకు. మీరు పొలంనుండి వచ్చిన తరువాత రోజుకు ఒక్కసారి పిల్లల ముఖాలను, బొమ్మను వెదికేవాడు వెదికినట్టు, తీరికగా చూడండి. నిన్న లేనిది ఈ రోజు ఏమున్నది? నిన్న ఉన్నది ఈ రోజు ఏమి పోయింది? దీనికి జాబితా ఎవరూ రాసి ఇవ్వరు. మీ పిల్లల లెక్క మీకే తెలుసు.

తెర మీది వెదుకులాట ముగిసిపోయేది. పొలంలోని వెదుకులాట దొరికినా దొరకకపోయినా వానాకాలంతో పోతుంది. ఇంట్లోని వెదుకులాటకు మాత్రం గడువు ఉన్నది. పిల్లలు మన చూరు కింద ఉండేది కొన్ని సంవత్సరాలే. ఈ నెల కుటుంబ ప్రార్థన అయిన తరువాత పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని ఈ ప్రశ్న అడగండి: "ఈ మధ్య మేము నీలో చూడకుండా పోయినది ఏమన్నా ఉందా?" జవాబు వెంటనే రాకపోవచ్చు. తొందరపడి ఎక్కడంటే అక్కడ తాకవద్దు. దీపం ఆర్పకుండా కూర్చోండి. అది ఇంట్లోనే ఉన్నది, దొరుకుతుంది.